ఆపి చూస్తే మోగే బెల్

భీమశంకర్ గురించి రాయమంటే మా ఆఫీసులో ఎవరూ రాయరు. రాయడానికి ఏముంది అంటారు. నిడదవోలు మనిషి, ఫ్రిస్కోలో ఇల్లు, ఒక తలుపు సరిగ్గా పడని పాత కరోలా, స్టీలు డబ్బాలో పెరుగన్నం. తెలుగువాళ్ళ పిక్నిక్ అయితే పార్కింగ్ దగ్గర ఎండలో నిలబడి కార్లు సర్దేది ఆయనే. పొట్లకాయ విత్తనాలు కావాలంటే అందరూ ఆయన్నే అడుగుతారు. అంతే, ఇంకేం లేదు అంటారు. ఉంది. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన పని ప్రోగ్రాంలో తప్పులు పట్టడం. మా కంపెనీ ముసలివాళ్ళు ఉండే కేర్ హోమ్‌లకి అలారం ప్యానెల్స్ చేసి అమ్ముతుంది. పరుపు కింద ఒక మ్యాట్ ఉంటుంది. మనిషి మంచం దిగితే మ్యాట్ మీద బరువు పోతుంది. నర్సుల డెస్క్ దగ్గర స్క్రీన్ మీద ఆ మంచం నంబర్ ఎర్రగా వెలుగుతుంది, కారిడార్ అంతా వినపడేలా బెల్ మోగుతుంది. ముసలివాళ్ళ పనులు చూసే ఎయిడ్ పరిగెత్తుకొచ్చి గది గుమ్మం పక్కనున్న బటన్ నొక్కితే, మనిషి వచ్చింది అని అర్థం. బెల్ ఆగుతుంది. నడుము సరిగ్గా నిలవని ముసలాయన ఒంటరిగా నాలుగడుగులు వేయకుండా కాపాడేది ఈ బెల్లే. నేను అదే కంపెనీ ల్యాబ్‌లో మ్యాట్లు తొక్కి, బటన్లు నొక్కి, మోగిందా లేదా అని చూస్తాను. డిగ్రీ మధ్యలో వదిలేసినవాడికి ఇంతకన్నా ఎవడిస్తాడు.

ప్యానెల్‌లో ప్రోగ్రాం ఒకటే అయినా లోపల పనిచేసేవాళ్ళు చాలామంది. ఒకడు మ్యాట్లని కనిపెట్టుకుని ఉంటాడు, ఒకడు బటన్లని. ఒకడు బెల్ మోగిస్తాడు, ఇంకొకడు జరిగిందంతా రాసి పెడతాడు. వీళ్ళనే థ్రెడ్స్ అంటారు. పెళ్ళి వంటల దగ్గర వంటవాళ్ళలాగా అందరూ ఒకేసారి పనిలో ఉంటారు, ఒకరి కోసం ఒకరు ఆగరు. తప్పు పట్టుకోవాలంటే డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రాంతో వీళ్ళని ఆపాలి. చిన్నప్పుడు స్టాచ్యూ ఆట ఆడాం కదా, అదే ఇది. కోడ్‌లో ఒక లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెడితే, ఎవడైనా ఆ లైను తొక్కగానే డీబగ్గర్ స్టాచ్యూ అంటుంది. తొక్కినవాడొక్కడే కాదు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోతారు. అప్పుడు నింపాదిగా ఒక్కో లైను నడిపించి చూడొచ్చు. స్టెప్ చేయడం అంటే అది.

ఇక్కడే ఒక తలనొప్పి ఉంది. నువ్వు ఒకణ్ణి ఒక్క అడుగు వేయమన్నావనుకో, ఆ అడుగు పడేలోపు మిగతావాళ్ళకి కూడా స్టాచ్యూ విడిపోతుంది. వాళ్ళూ కాస్త దూరం పరిగెడతారు. వాళ్ళల్లో ఎవడన్నా బ్రేక్‌పాయింట్ తొక్కాడా, స్క్రీన్ వాడి మీదకి దూకుతుంది. నువ్వు చూస్తున్నవాడు ఎక్కడున్నాడో మళ్ళీ వెతుక్కోవాలి. పిచ్చెక్కుతుంది. అందుకని ఒక సెట్టింగ్ ఉంటుంది. నేను స్టెప్ చేసేవాడొక్కడే కదలాలి, మిగతావాళ్ళు అలాగే ఉండిపోవాలి అని దాని అర్థం. మా టీమ్ మెషీన్లన్నిటిలో ఆ సెట్టింగ్ పెట్టింది భీమశంకరే. కొత్తగా ఎవరు చేరినా కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు.

"ఇది ఆన్ చేసుకో తమ్ముడూ, లేకపోతే జుట్టు పీక్కుంటావ్."

తనే ఆన్ చేసి, నాలుగు సోంపు గింజలు చేతిలో పోసి వెళ్ళేవాడు. నాకూ అలాగే పెట్టాడు. మంచితనమే, కాదనను.

ఇంట్లోనూ ఆయన తీరు అంతే. ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్ళాను. వాళ్ళావిడ జయంతిగారు వడ్డిస్తూ నవ్వింది. "మీ అన్నయ్య ట్యాక్స్ ఫైల్ చేస్తుంటే మిక్సీ వేయకూడదు, ఫోన్ ఎత్తకూడదు, మా అమ్మాయి ఆద్య పియానో ముట్టుకోకూడదు. ఈయనొక్కడు కదలాలంటే ఇల్లంతా ఆగిపోవాలి."

"ఆగితేనే కదే తప్పు లేకుండా వచ్చేది," అన్నాడాయన, పప్పు కలుపుకుంటూ.

ఆ ఏడాది వసంతంలో, ఫ్రిస్కోకి గంట దూరంలో ఉన్న ఒక కేర్ హోమ్‌లో పద్నాలుగో మంచం ముసలాయన లేచి, పడి, తల పగిలి చచ్చిపోయాడు. బెల్ మోగలేదని అక్కడి ఎయిడ్ అంటోంది. మా ప్యానెల్ రాసి పెట్టిన లాగ్‌లో మాత్రం, పద్నాలుగో మంచం, అలారం రెయిజ్డ్ అని శుభ్రంగా ఉంది. లాగ్‌లో ఉంది కాబట్టి బెల్ మోగింది, ఆమె పట్టించుకోలేదు. హోమ్ వాళ్ళు అదే అన్నారు, స్టేట్ వాళ్ళూ అదే పట్టుకున్నారు. స్టేట్ వాళ్ళ విచారణలో, అదే హియరింగ్‌లో, నిర్లక్ష్యం అని తేలిస్తే ఆమె పేరు పక్కన ఆ మచ్చ శాశ్వతంగా పడుతుంది. ఇక ఏ కేర్ హోమూ ఆమెని గుమ్మం ఎక్కనివ్వదు.

మా డైరెక్టర్ శ్యామ్‌సుందర్ భీమశంకర్ సీటు దగ్గరికే వచ్చాడు. ఆయనా తెలుగే. తెలుగువాళ్ళకి మాత్రమే వినపడాల్సిన సంగతులు తెలుగులో చెప్తాడు.

"భీమ్, లాగ్ క్లియర్‌గా ఉంది. సిస్టమ్ వర్క్ చేసింది అని ఒక లెటర్ డ్రాఫ్ట్ చేసెయ్."

"ప్యానెల్ ఒకసారి చూసొచ్చి రాస్తాను."

"చూడ్డానికేముందయ్యా, గోడకి ఉంటుంది."

"గోడనీ చూసొస్తాను," అన్నాడు భీమశంకర్. వెటకారం కాదు, ఆయనకి వెటకారం రాదు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. డెస్క్ దగ్గర లాగ్ కాపీ చేసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. వెనక లాండ్రీ గదిలోంచి ఒకావిడ దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చి ఆగిపోయింది. యాభై దాటి ఉంటుంది. మోకాలికి బెల్టు, జుట్టుకి వల.

"తెలుగోళ్లేనా?"

ఆమే ఆ ఎయిడ్. పేరు ఉష. సిద్దిపేట మనిషి. తమ్ముడు అప్లై చేసిన గ్రీన్ కార్డ్ ఏళ్ళ తరబడి నానినాని వస్తే, వయసు మీదపడ్డాక భర్తతో కలిసి ఇక్కడికొచ్చింది. భర్త గ్యాస్ స్టేషన్‌లో పని. ఈమె క్లాసులకి పోయి, పరీక్ష రాసి ఎయిడ్ అయింది. హియరింగ్ అయ్యేదాకా పేషెంట్లని ముట్టుకోవద్దని లాండ్రీలో పడేశారు.

"నువ్వేనా తమ్మీ ఈ బెల్లు చేసినాయన?"

"చేసినవాళ్ళల్లో ఒకణ్ణక్కా."

"అయితే నువ్వే చెప్పు. నాకేమన్నా చెవుడా?"

భీమశంకర్ ఏం జరిగిందో చెప్పమని అడిగాడు. ఆమె బండి గోడవారగా పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దుగాల కాఫీ బండి వస్తది. ఆ వాసనకు అందరు ఒక్కసారే లేస్తరు. ఈడ పనిచేసేటోళ్లందరికి ఎరుకే. తొమ్మిదో బెడ్డు ముసలామె లేచింది, బెల్లు మోగింది, ఉరికిన. గుమ్మం కాడ బటన్ ఒత్తిన, బెల్లు బందైంది. మళ్ల మోగలే. ఆమెను బాత్రూంల కూసోబెట్టి బయటికొస్తే, పద్నాలుగు గుమ్మంల ఆయన కాళ్లు కనవడ్డయి."

"స్క్రీన్ మీద ఎర్రగా కనపడి ఉంటుంది కదా," అన్నాను నేను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "స్క్రీన్ డెస్క్ కాడ ఉంటది బిడ్డా. నా చేతులు ముసలామె చంకల కింద ఉన్నయి. మెడ గుంజి డెస్క్ దాకా పెట్టుమంటవా?"

ఆమె మళ్ళీ భీమశంకర్ వైపు తిరిగింది. "ఆయన నన్ను ఊసా అని పిల్చేటోడు. ఎన్నిసార్లు చెప్పినా ఊసానే. ఆ నెత్తురు తుడిసింది నేనే తమ్మీ. మోగితే ఉరకనా?"

తిరిగొచ్చేటప్పుడు హైవే మీద కరోలా తలుపు సందులోంచి గాలి కూస్తోంది. ఉన్నట్టుండి భీమశంకర్ అడిగాడు.

"మనం ఎప్పుడైనా రెండు మంచాలు కలిపి టెస్ట్ చేశామా?"

"నువ్వే ఒక్కొక్కటే తొక్కమన్నావ్ కదన్నా. రెండు తొక్కితే స్క్రీన్ దూకుతోంది అన్నావ్."

"అవును," అన్నాడు. "అన్నాను."

ల్యాబ్‌కి వచ్చి, బటన్ థ్రెడ్ కోడ్ తెరిచాడు. అందులో అసలు సంగతి రెండు లైన్లు. బటన్ నొక్కగానే ఆ థ్రెడ్, ఇంకే మంచమైనా పిలుస్తోందా అని ఒకసారి చూస్తుంది. ఎవరూ పిలవకపోతే బెల్ ఆపేస్తుంది. చూడటం ఒక లైను, ఆపడం ఇంకో లైను. ఆయన మొదటి లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాడు. నేను తొమ్మిదో మ్యాట్ తొక్కి దిగి బటన్ నొక్కాను. ప్రోగ్రాం ఆగింది. ఒక స్టెప్, చూసింది, ఎవరూ లేరు. ఇంకో స్టెప్, ఆపేసింది. ఆ తర్వాత అందర్నీ వదిలేసి పద్నాలుగు దిగితే బెల్ గణగణా మోగింది. మళ్ళీ చేశాం. మళ్ళీ మోగింది. ఎన్నిసార్లు చేసినా మోగుతూనే ఉంది.

"బానే ఉందిగా," అన్నాను. నాకు అప్పటికే విసుగొచ్చి ల్యాబ్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి స్క్రీన్ మూలనున్న ఆ సెట్టింగ్ వైపు చూస్తున్నాడు. తనే పెట్టిన టిక్కు. మొహంలోంచి రంగు దిగిపోవడం నేను అంతకుముందు ఎవరిలోనూ చూడలేదు.

"చూడటానికీ ఆపడానికీ మధ్యలో పద్నాలుగు లేస్తే?" అన్నాడు. "లేవనివ్వట్లేదు నేను. మిగతావాళ్ళందర్నీ కట్టేసి ఒక్కణ్ణే నడిపిస్తున్నాను. కట్టేసినవాడు మధ్యలో ఎలా వస్తాడు?"

టిక్కు తీసేశాడు. ఈసారి తలకిందులుగా చేశాడు. బటన్ థ్రెడ్ చూడటం అయిపోయి, ఇంకా ఆపకముందు, ఆ రెండు లైన్ల మధ్యలో వాడొక్కణ్ణే పట్టి ఉంచి మిగతావాళ్ళందర్నీ వదిలేశాడు. మొదటిసారి పని కాలేదు. ప్యానెల్ పలకకపోతే చచ్చిపోయిందనుకుని దాన్ని మళ్ళీ మొదలుపెట్టే కాపలా ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, వాచ్‌డాగ్ అంటారు. బటన్ థ్రెడ్ ఉలకకుండా ఉండేసరికి అది ప్యానెల్ మొత్తాన్ని రీస్టార్ట్ చేసి పడేసింది. వాచ్‌డాగ్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. బటన్ థ్రెడ్ చూసింది, ఎవరూ లేరు. అక్కడే పట్టి ఉంచాడు.

"పద్నాలుగు దిగు."

దిగాను. స్క్రీన్ మీద పద్నాలుగు ఎర్రగా వెలిగింది, తొమ్మిది కోసం మోగుతున్న బెల్లే దానికీ మోగుతోంది. అప్పుడు బటన్ థ్రెడ్‌ని వదిలాడు. వాడు తను చూసిన పాత సంగతే నమ్మి, ఎవరూ పిలవట్లేదు కదా అని, బెల్ ఆపేశాడు.

నిశ్శబ్దం. ల్యాబ్ మూలన ఫ్రిజ్ చప్పుడు వినపడింది. స్క్రీన్ మీద పద్నాలుగు ఎర్రగా వెలుగుతూనే ఉంది. లాగ్ తెరిచి చూస్తే, పద్నాలుగో మంచం, అలారం రెయిజ్డ్.

బెల్లు బందైంది, మళ్ల మోగలే. ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగింది.

"ఈ కోడ్ రివ్యూ చేసి సంతకం పెట్టింది నేనే తమ్ముడూ," అన్నాడు భీమశంకర్. "లైను లైనూ నడిపించి చూశాను."

ఆయన నేరుగా శ్యామ్‌సుందర్ గదికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. శ్యామ్‌సుందర్ అంతా విన్నాడు. తెలివైనవాడు, సగం వినేసరికే అర్థమైపోయింది. లేచి తలుపు వేశాడు.

"సరే, ఫిక్స్ చేద్దాం. నెక్స్ట్ రిలీజ్‌లో వెళ్ళిపోతుంది. రెండు లైన్లూ అయ్యేదాకా మధ్యలో ఇంకెవడూ దూరకుండా చుట్టూ లాక్ వేస్తే సరిపోతుంది కదా?"

"సరిపోతుంది. లెటర్ మాటేంటి?"

"లెటర్‌కీ దీనికీ ఏం సంబంధం? నువ్వు థ్రెడ్‌ని చేత్తో పట్టుకున్నావు కాబట్టి జరిగింది. ఫీల్డ్‌లో ఎవడు పట్టుకుంటాడు? ఆ రెండు లైన్ల మధ్య టైమ్ ఎంత? కన్ను రెప్ప వేసేలోపు లక్షసార్లు అయిపోతుంది."

"దేశమంతా ప్యానెల్సే కదా. రోజూ అన్ని చోట్లా కాఫీ బండి వస్తుంది, ఎప్పుడో ఎక్కడో ఒకచోట తగులుతుంది."

"కాఫీ బండా?" శ్యామ్‌సుందర్ నవ్వేశాడు. తర్వాత నవ్వు తీసి పక్కన పెట్టాడు. "భీమ్, ఆగకుండా నడిచేటప్పుడు చూపించు, అప్పుడు మాట్లాడదాం. అది లేకుండా ఒక్క ముక్క బయట రాసినా కంపెనీకి లాసూట్. నీ గ్రీన్ కార్డ్ పేపర్స్ మీద సంతకం పెట్టే కంపెనీకి. నేను బెదిరించట్లేదు. గుర్తు చేస్తున్నాను."

ఆగకుండా నడిచేటప్పుడు పట్టుకోవాలని మేం మామూలు ప్రయత్నం చేయలేదు. బ్రేక్‌పాయింట్లు లేవు, డీబగ్గర్ లేదు. మ్యాట్లూ బటన్లూ వాటంతటవే నొక్కుకునేలా ఒక ప్రోగ్రాం రాసి, బెల్ పక్కన మైకు పెట్టి వదిలేశాం. పగలూ రాత్రీ తిరిగింది. ప్రతిసారీ మోగింది. ఆ దరిద్రపు బెల్ ఎప్పుడూ మోగాల్సినప్పుడే మోగింది. మధ్యలో ఏం జరుగుతోందో ఎక్కడికక్కడ రాసుకుందామని కోడ్‌లో ఒక లైను పెడితే, ఆ లైను తినే కాస్త సమయానికే వాళ్ళ నడక మారిపోతుంది. చూడటానికి ఏం చేసినా, చూడాల్సినది పక్కకి జరుగుతుంది. నేను బల్లని తన్నాను. భీమశంకర్ మైకు కింద పడకుండా పట్టుకున్నాడు.

ఈలోగా ఉషకి దొరికిన ఫ్రీ లాయర్ భీమశంకర్‌కి ఫోన్ చేసింది. సాక్ష్యం చెప్తారా అని. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. జయంతిగారు స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది.

"మీరు చెప్తే ఆవిడ బయటపడుతుందా?"

"తెలీదు."

"మన ఉద్యోగం పోతుందా?"

"అది తెలుసు."

"మరి తెలిసినదాన్ని పోగొట్టుకుని తెలీనిదాని కోసం వెళ్తారా?" కోపంగానే అంది. కాసేపటికి మళ్ళీ తనే అడిగింది. "ఆ మంచంలో మీ నాన్న ఉన్నాడనుకోండి. నేనే ఆ బటన్ నొక్కాననుకోండి."

"అదే అనుకుంటున్నానే నేనూ."

మెట్ల మీద నుంచి ఆద్య అరిచింది. పుట్టింది ఇక్కడే, తెలుగు అలాగే ఉంటుంది. "నాన్నా, నిన్ను ఫైర్ చేస్తారా? చేస్తే మనం మూవ్ అవ్వాలా?"

"ఏమో అమ్మా," అన్నాడు భీమశంకర్. అబద్ధం చెప్పడం ఆయనకి పిల్ల దగ్గర కూడా చేతకాదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

హియరింగ్ ఒక ప్రభుత్వ ఆఫీసు గదిలో. పొడుగు బల్ల, నీళ్ళ జగ్గు, గోడకి జెండా. ఉష తన భర్త పక్కన కూర్చుంది, పసుపు రంగు చీర మీద స్వెటర్. భీమశంకర్ పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకొచ్చాడు. మొదట ఉష లాయర్ అడిగింది. ఆయన చక్కగా చెప్పాడు. థ్రెడ్ అంటే ఏంటో, ఆ రెండు లైన్ల మధ్య ఖాళీ ఏంటో, స్టాచ్యూ ఆటతో సహా. తీర్పు చెప్పాల్సిన ఆవిడ తల ఊపుతూ రాసుకుంది. ఉష భర్త నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత అటు పక్క, స్టేట్ తరఫు లాయర్ లేచాడు. మెత్తటి మనిషి. గొంతు పెంచలేదు.

"మీరు చేసిన పరీక్షలో ఒక థ్రెడ్‌ని ఆపి ఉంచారు. అవునా?"

"అవును."

"నిజం ప్యానెల్‌లో దాన్ని అలా ఆపి ఉంచేది ఏదైనా ఉందా?"

"అంతసేపు ఆపేది లేదు. కానీ క్షణంలో..."

"ఆపి ఉంచితే వాచ్‌డాగ్ అనే రక్షణ ఏర్పాటు ప్యానెల్‌ని రీస్టార్ట్ చేస్తుంది. పరీక్ష కోసం మీరు దాన్ని కూడా ఆపేశారు. అవునా?"

"అవును."

"అంటే రక్షణ తీసేసి, చేత్తో పట్టుకుని, మీరు కోరుకున్న వరసలో నడిపించారు."

"అలా జరగడానికి వీలుందని చూపించడానికి."

"వీలుందా అని అడగట్లేదు. మీరు ఆపకుండా, పట్టుకోకుండా, ప్యానెల్ తనంతట తాను నడుస్తున్నప్పుడు, బెల్ మోగకపోవడం ఒక్కసారైనా చూశారా?"

గది అంతా ఆయన వైపే చూస్తోంది. ఉషకి ఇంగ్లీషు అంత వేగంగా అందదు. అయినా భీమశంకర్ మొహం చూసి అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది. చూశాను అని ఒక్క మాట అంటే చాలు. ఎవడూ లెక్క తీయడు. నేను లోపల్లోపల అను అను అని కొట్టుకుంటున్నాను. మొండి వెధవ.

"చూడలేదు," అన్నాడు భీమశంకర్.

"థాంక్యూ."

అంతే. ఆ పదం తర్వాత ఏం చెప్పినా నీళ్ళ జగ్గు మీద ఈగలా ఉంది. కొన్ని వారాల తర్వాత తీర్పు పోస్టులో వచ్చింది. ఉష పేరు పక్కన మచ్చ పడింది. శ్యామ్‌సుందర్ అంతవరకు ఆగలేదు. హియరింగ్ అయిన వారంలోనే భీమశంకర్ బ్యాడ్జ్‌కి ఆఫీసు తలుపు తెరుచుకోవడం మానేసింది. నేను కిందకి వెళ్ళేసరికి ఆయన లాబీలో సెక్యూరిటీ వాడి ముందు నిలబడి ఉన్నాడు. స్టీలు డబ్బా చేతిలోనే ఉంది. పైన డ్రాయర్‌లో సోంపు సీసా ఉంది, తెచ్చిపెట్టమన్నాడు.

వీసా మీద ఉన్నవాడికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు రెండు నెలలు. ఆ వయసులో, సొంత కంపెనీ మీద సాక్ష్యం చెప్పినవాణ్ణి ఎవడు తీసుకుంటాడు? ఇంటి ముందు అమ్మకం బోర్డు పడింది. ఆద్య నాతో మాట్లాడటం మానేసింది, ఏదో నేనే చేసినట్టు. కొత్త రిలీజ్ అన్ని హోమ్‌లకీ వెళ్ళింది. అలారం పనితీరు మెరుగుపరచబడింది అని ఒక్క లైను రాశారు. ఆ రెండు లైన్ల చుట్టూ భీమశంకర్ వేసిన లాకే అది. పాత ప్రోగ్రాం ఇప్పుడు ఎక్కడా లేదు, ఎవడూ దాన్ని మళ్ళీ పట్టుకోలేడు.

వెళ్ళిపోయే ముందు ఆమెని ఒకసారి చూసి వస్తానన్నాడు. కరోలా అప్పటికే అమ్మేశాడు, నా కార్‌లో తీసుకెళ్ళాను. ఉష ఇప్పుడు ఒక మిఠాయి షాపు వెనక గదిలో పనిచేస్తోంది. మేం వెళ్ళేసరికి అట్టపెట్టెలు మడుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. స్టూల్ కాలితో జరిపింది, కూర్చోమని.

"నా వల్లే అక్కా," అన్నాడు భీమశంకర్. "ఆ కోడ్ పాస్ చేసింది నేను. మిగతా అన్నీ ఆపి చూశాను, అందుకే కనపడలేదు. ఆ రోజు కూడా..."

"ఆ లాయర్ నిన్నేమడిగిండో మా ఆయన ఇంటికి పొయినంక చెప్పిండు," అంది ఉష. "చూసిన అంటే ఏం పోతుండె తమ్మీ?"

"ఆగకుండా నడిచేటప్పుడు నేను చూడలేదక్కా. చూడనిది ఎలా చెప్పను?"

ఉష చేతిలో పెట్టె సగం మడతలో ఆగిపోయింది.

"నేను చూసిన గద," అంది. "అది నడిచేటప్పుడు ఆడ ఉన్నది నేనొక్కదాన్నే. నువ్వు చూడలే, ఆ లాయర్ చూడలే, నీ సెట్టింగులు చూడలే. చూసినదాన్ని నేను చెప్తె ఒక్కరు రాసుకోలే. చూడనోణ్ణి నిన్ను కూసోబెట్టి చూసినవా చూసినవా అని అడిగిండ్రు."

షాపు ముందు వైపు ఎవరో కౌంటర్ గంట కొట్టారు. ఉష చటుక్కున లేచింది, మోకాలు పట్టుకుని, ఆ బెల్టు కాలు ఈడ్చుకుంటూ, వస్తున్నా వస్తున్నా అంటూ ముందుకి వెళ్ళింది.

చాలాసేపటిదాకా రాలేదు. భీమశంకర్ స్టూల్ మీదే కూర్చుని, ఆమె వదిలేసిన పెట్టె తీసుకుని మడవడం మొదలుపెట్టాడు. మూత ఏ వైపు పోవాలో ఆయనకి తెలియలేదు. మళ్ళీ మళ్ళీ విప్పి మడుస్తూనే ఉన్నాడు. నేను పోయి కార్‌లో కూర్చున్నాను.